చెట్ల అంచున పూసే పొద్దుతిరుగుడు: ఏది ఏదో గుర్తుపట్టడం, మీ నేలకు ఏది నప్పుతుందో తేల్చుకోవడం

అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామందికి పెరటి వెనక ఒక చెట్ల బారు ఉంటుంది. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మేరీల్యాండ్, వర్జీనియా, ఒహాయో, జార్జియా, ఎక్కడైనా సరే, జులై నుంచి ఆ చెట్ల అంచున నడుమెత్తు మొక్కల మీద పసుపు పూలు కనిపిస్తాయి. చూడగానే పొద్దుతిరుగుడే అనిపిస్తుంది. కానీ కర్నూలు, అనంతపురం చేలల్లో మనం చూసిన పొద్దుతిరుగుడుకు ఒక్క కాండం, దాని మీద ఒక్క పెద్ద పువ్వు, పంట కాలం అయ్యాక ఏమీ మిగలదు. ఇది గుంపుగా లేస్తుంది, పువ్వు చాలావరకు రెండు మూడు అంగుళాలే, చలికాలం మంచు కింద పడుకుని మళ్లీ వసంతంలో అదే చోట మొలుస్తుంది.

ఇక అక్కడి నుంచి ప్రశ్నలు మొదలవుతాయి. ఇది కలుపా? ఉంచాలా, పీకాలా? నర్సరీలో 'ఉడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్' అని అమ్ముతున్నది ఇదేనా? ఒకే పేరుతో నాలుగు రకాలు కనిపిస్తే వాటిలో ఏది తేవాలి?

పొద్దుతిరుగుళ్లన్నీ చేరే హీలియాంథస్ ప్రజాతిలో దాదాపు 50 జాతులున్నాయి, అన్నీ ఉత్తర అమెరికావే. మన నూనె పొద్దుతిరుగుడు కూడా అక్కడి మొక్కే. నూనె పంటగా అది సోవియట్ రష్యా రకాల రూపంలో 1969లో మన దేశానికి వచ్చింది. ఆ 50లో చెట్ల నీడను తట్టుకునేవి కొన్నే. వాటిలో ఎక్కువమందికి ఎదురయ్యే ఐదింటిని ఇక్కడ పక్కపక్కన పెడుతున్నాను: డైవారికేటస్, స్ట్రుమోసస్, డెకాపెటాలస్, హిర్సూటస్, మైక్రోకెఫాలస్. ఇవి హీలియాంథస్ తర్వాత వచ్చే జాతి పేర్లు. ముందే ఒక మాట చెప్పాలి: పువ్వును చూసి తేల్చుకోవాలని ప్రయత్నిస్తే ఎప్పటికీ తేలదు. ఆకు కాండానికి ఎలా అతుక్కుంది, కాండం నున్నగా ఉందా, కింద నేల పొడిదా తడిదా, ఈ మూడు చూస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ముందు ఇది పొద్దుతిరుగుడేనా?

పసుపు రేకులున్న ప్రతిదీ పొద్దుతిరుగుడు కాదు. అదే చెట్ల అంచున, అదే నెలల్లో పూసేవి ఇంకా ఉన్నాయి. వాటిని మొదట పక్కకు తీసేయాలి.

బాగా మోసపుచ్చేది హీలియోప్సిస్. దాన్ని అక్కడ 'ఫాల్స్ సన్‌ఫ్లవర్' అనే పిలుస్తారు. ఆకులు ఎదురెదురుగానే ఉంటాయి, పువ్వూ అంతే ఉంటుంది. తేడా రేకు మొదట్లో ఉంది. హీలియోప్సిస్‌లో ప్రతి పసుపు రేకు అడుగున రెండుగా చీలిన సన్నటి కీలం ఉంటుంది, అంటే ఆ రేకు కూడా విత్తనం కడుతుంది. నిజమైన పొద్దుతిరుగుడులో రేకులు గొడ్డువి, విత్తనాలు మధ్య బిళ్లలోనే. భూతద్దం లేకపోతే కొన్ని రోజులు ఆగండి. పువ్వు ముదిరాక పొద్దుతిరుగుడు రేకులు రాలిపోతాయి, హీలియోప్సిస్ రేకులు ఎండిపోయి పువ్వుకే అంటుకుని ఉంటాయి.

వింగ్‌స్టెమ్ అనే మొక్కకు కాండం పొడవునా పచ్చటి అంచులు రెక్కల్లా దిగి ఉంటాయి, రేకులు లెక్కాపత్రం లేకుండా కిందికి వేలాడతాయి. కప్ ప్లాంట్ కాండం నలుపలకలుగా ఉంటుంది, ఎదురెదురు ఆకులు రెండూ కలిసిపోయి కాండం చుట్టూ దొన్నెలా తయారై వాన నీళ్లు పడతాయి. రడ్బెకియా లాసినియేటాకు ఆకులు లోతుగా చీలి ఉంటాయి, మధ్య బిళ్ల పచ్చగా ఉబ్బి ఉంటుంది. ఈ మూడింటినీ ఒకసారి చూస్తే మళ్లీ పొరబడరు.

చూడాల్సిన గుర్తులు, వాటి వరస

మొదటిది ఆకు కాడ. కాండం మధ్య భాగంలో ఉన్న ఆకును పట్టుకుని కాడ పొడవు చూడండి. అడుగున ఆకులు ఆగస్టుకే ఎండిపోతాయి, కొస ఆకులు చిన్నవై దారి తప్పిస్తాయి. అందుకే మధ్య ఆకు. ఆకు నేరుగా కాండానికే అతుక్కుందా, అర అంగుళం కాడ ఉందా, అంగుళం దాటిందా? ఐదు జాతుల్లో దాదాపు సగం పని ఈ ఒక్క కొలతతో అయిపోతుంది.

రెండోది కాండం. వేళ్లతో పైనుంచి కిందికి నిమరండి. నున్నగా జారుతుందా, గరుకుగా గుచ్చుకుంటుందా? పూలకు సరిగ్గా కింద కొద్దిగా నూగు అన్నిట్లోనూ ఉండొచ్చు, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. కొన్నిట్లో కాండం మీద చేత్తో తుడిస్తే పోయే తెల్లటి పొడి పూత ఉంటుంది. అదీ గుర్తే.

మూడోది ఆకు వెనక వైపు. తిప్పి చూడండి. పైన ఎంత పచ్చగా ఉందో వెనకా అంతే ఉందా, లేక పాలిపోయి తెల్లబారి ఉందా?

నాలుగోది పువ్వు కింద ఉండే చిన్న పచ్చ ఆకుల వరస. మొగ్గను కప్పి ఉంచేవి అవే. పువ్వు బిళ్లకు అవి బిగుతుగా ఉన్నాయా, పొడుగ్గా సాగి వదులుగా వేలాడుతున్నాయా? బిళ్ల వెడల్పు కూడా ఇక్కడే కొలవండి.

ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా అన్నది చాలామంది మొదట చూస్తారు. నా మట్టుకు దాన్ని చివరన పెడతాను. ఈ ఐదింట్లోనూ ఆకులు చాలావరకు ఎదురెదురుగానే ఉంటాయి, కొసన మాత్రం కొన్నిట్లో మారతాయి. కాండం సగం నుంచే ఆకులు ఒకటి విడిచి ఒకటి రావడం మొదలై, మొక్క మనిషిని మించి పెరిగి, కాండం గరుగ్గా ఉంటే అది బహుశా జెరూసలేం ఆర్టిచోక్. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఫోన్‌లో ఐనాచురలిస్ట్ లాంటి యాప్ వాడేవాళ్లకు ఒక సలహా. పువ్వు ముఖం ఒక్కటే తీసి పెడితే యాప్ 'హీలియాంథస్' దగ్గరే ఆగిపోతుంది. మధ్య ఆకు కాండానికి కలిసే చోటు, కాండం దగ్గరగా, ఆకు వెనక వైపు, పువ్వును పక్కనుంచి, మొక్క మొత్తం నిలబడ్డ తీరు, చుట్టూ ఉన్న చోటు, ఇవన్నీ తీసి పెట్టండి. అప్పుడు తెలిసినవాళ్లు పేరు చెప్పగలుగుతారు.

ఐదూ ఒకచోట

| గుర్తు | డైవారికేటస్ | స్ట్రుమోసస్ | డెకాపెటాలస్ | హిర్సూటస్ | మైక్రోకెఫాలస్ |
|---|---|---|---|---|---|
| వాడుక పేరు | ఉడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్ | పేల్‌లీఫ్ ఉడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్ | థిన్‌లీఫ్ సన్‌ఫ్లవర్ | హెయిరీ సన్‌ఫ్లవర్ | స్మాల్ ఉడ్ సన్‌ఫ్లవర్ |
| ఆకు కాడ | లేదు, లేదా లేనట్టే | అర అంగుళం నుంచి అంగుళం దాకా | అంగుళం, ఆపైన. అంచున రెక్క | పొట్టిది | అర అంగుళం నుంచి అంగుళం దాకా |
| కాండం | నున్నన | నున్నన, తరచుగా తెల్లటి పూత | నున్నన | బిరుసు నూగుతో గరుకు | నున్నన |
| ఆకు వెనక | లేత పచ్చ, కొద్దిగా నూగు | తెల్లబారినది | రెండు వైపులా పచ్చన, పలచన | గరుకు నూగు | పాలిపోయి, సన్నటి జిగురు చుక్కలు |
| పువ్వు వెడల్పు | సుమారు 2 అంగుళాలు | 2 నుంచి 4 | 2 నుంచి 3 | 2 నుంచి 3 | 1 నుంచి 1.5 |
| ఎత్తు | 2 నుంచి 6 అడుగులు | 3 నుంచి 7 | 2 నుంచి 5 | 2 నుంచి 6 | 3 నుంచి 6 |
| నేల | పొడి | పొడి, లేదా ఓ మోస్తరు | తడి, సారవంతం | పొడి, ఎండ ఎక్కువ | ఓ మోస్తరు |

పట్టికలో గీతలు ఇంత స్పష్టంగా ఉన్నా అడవిలో అన్నీ ఇలా విడివిడిగా నిలబడవు. ఈ జాతులు ఒకదానితో ఒకటి కలుస్తాయి. డైవారికేటస్, మైక్రోకెఫాలస్ కలిసి సంకర మొక్కలు పుట్టడం శాస్త్రజ్ఞులు ఎప్పుడో గమనించారు. క్రోమోజోములూ ఒక్క లెక్కన ఉండవు: డైవారికేటస్‌లో 34, హిర్సూటస్‌లో 68, స్ట్రుమోసస్‌లో 68 లేదా 102. ఇండియానా యూనివర్సిటీలో చార్లెస్ హైసర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు తన పరిశోధనా జీవితంలో పెద్ద భాగం ఈ ప్రజాతికే ఇచ్చాడు. అలాంటివారికే చిక్కుముడిగా అనిపించిన గుంపు ఇది. మీ మొక్క రెండు నిలువు వరసల మధ్య ఇరుక్కుంటే టెన్షన్ పడొద్దు, రెండింటి పేరూ రాసుకుని వచ్చే ఏడాది మళ్లీ చూడండి.

డైవారికేటస్: అసలైన ఉడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్

అమెరికాలో ఊరికే 'ఉడ్‌ల్యాండ్ సన్‌ఫ్లవర్' అంటే దీన్నే అంటారు. స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో పేరు పెట్టిన మొక్క. కెనడాలో ఒంటారియో, క్యుబెక్‌ల నుంచి దక్షిణాన ఫ్లోరిడా ఉత్తర భాగం దాకా ఉంది.

దీన్ని దూరం నుంచే పట్టుకోవచ్చు. ఎదురెదురు ఆకులు రెండూ కాండానికి అడ్డంగా, నేలకు సమాంతరంగా చాచుకుని ఉంటాయి. ఒక జత ఉత్తర దక్షిణాలుగా ఉంటే పై జత తూర్పు పడమరలుగా ఉంటుంది. ఆకు మొదట్లో వెడల్పుగా, గుండ్రంగా ఉండి కొసకు పొడుగ్గా సన్నబడుతుంది. కాడ ఉండదు. ఆకు నేరుగా కాండంలోంచే వచ్చినట్టు ఉంటుంది. ఆకు మొదలు నుంచే మూడు ఈనెలు బయల్దేరతాయి. పై వైపు ఇసుక కాగితంలా గరుకు, కాండం మాత్రం నున్నన. ఆకు గరుకు, కాండం నునుపు, కాడ లేదు: ఈ మూడూ కలిస్తే ఇంకేదీ కాదు.

జులైలో మొదలై సెప్టెంబర్ తొలి రోజుల దాకా పూస్తుంది. రేకులు 8 నుంచి 12 దాకా, కొన్నిసార్లు ఇంకొన్ని ఎక్కువ. బిళ్ల కూడా పసుపే. మధ్యలో నల్లగా, గోధుమ రంగుగా ఉంటే ఇది కాదు.

ఉండే చోటు దీన్ని పట్టించే నాలుగో గుర్తు. ఓక్, హికరీ చెట్లున్న పొడి అడవులు, గుట్టల వాలు, రోడ్డు కోసిన మట్టి గట్టు, కరెంటు తీగల కింద చెట్లు కొట్టేసిన దారి. పైన ఆకుల కప్పు పూర్తిగా మూసుకోకూడదు, రోజులో కొన్ని గంటలైనా ఎండ పడాలి. దట్టమైన నీడలో మొక్క బతికే ఉంటుంది, కానీ పూలు దాదాపు ఉండవు. పెద్ద చెట్టు పడిపోయి ఆకాశం తెరుచుకున్న చోట ఒక్కసారిగా గుంపు విప్పుకుంటుంది. వర్జీనియాలో షెనండోవా నేషనల్ పార్క్ మీదుగా స్కైలైన్ డ్రైవ్‌లో ఆగస్టులో వెళితే రోడ్డు అంచున చూడొచ్చు. కారు పార్కింగ్ చోట ఆపి ఒక్క ఆకు మొదలు చూడండి, ఫొటో తీసుకోండి, కోయకండి. నేషనల్ పార్కుల్లో మొక్కలు కోయడం చట్టవిరుద్ధం.

దీన్ని పెరట్లో పెట్టుకుంటే ఒరిగేది: నీళ్లు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, చెట్ల వేళ్ల మధ్య పొడి నేలలో పసుపు రంగు. ఇబ్బంది: నేల కింద పాకే వేరుకాండాలతో ఏటా పక్కకు జరుగుతుంది. పది అడుగుల చోటు వదిలిపెట్టగలిగితే అదే అందం. రాళ్ల వరస పెట్టిన చిన్న పూలమడిలో పెడితే పక్క మొక్కల్ని తోసేస్తుంది.

స్ట్రుమోసస్: దాదాపు అదే, కానీ కాడతో

డైవారికేటస్ అనుకుని దగ్గరికి వెళితే ఆకుకు కాడ కనిపించి, వెనక్కి తిప్పితే తెల్లగా ఉంటే, అది స్ట్రుమోసస్. కాండం మీద తరచుగా తెల్లటి పూత. ఎత్తు ఎక్కువ, ఏడు అడుగులు కూడా చేరుతుంది. చెట్ల అంచున, పొదల మధ్య, పాడుపడ్డ పొలాల చుట్టూ పెరుగుతుంది. ఎండ ఎక్కువున్నా, నీడ ఉన్నా సర్దుకుంటుంది. ఎక్కడ పెట్టినా బతకడం దీని మంచి గుణం. ఆ గుణమే చిన్న పెరట్లో సమస్య కూడా, పాకడంలో ఇది డైవారికేటస్‌ను మించుతుంది. ఎత్తు పెరిగి గాలివానకు పక్కకు ఒరుగుతుంది. జూన్ మొదట్లో సగానికి కత్తిరిస్తే గుబురుగా, పొట్టిగా నిలబడి కొంచెం ఆలస్యంగా పూస్తుంది.

డెకాపెటాలస్: వాగు ఒడ్డున ఉండేది

పొడి అడవిలో దీన్ని వెతకొద్దు. వాగు గట్టు, లోయ అడుగు, వాననీళ్లు చేరే పల్లం, ఆకులు కుళ్లి నల్లబడ్డ మట్టి, ఇవి దీని చోట్లు. ఆకు పలచన, వెడల్పు, అంచున రంపపు పళ్లలా స్పష్టమైన గాట్లు, వేళ్లకు మెత్తగా తగులుతుంది. కాడ పొడుగు, ఆకు అంచు కాడ మీదికి సన్నగా దిగి రెక్కలా ఉంటుంది. పువ్వు కింది పచ్చ ఆకులు పొడుగ్గా, వదులుగా, బిళ్లను దాటి బయటికి కనిపిస్తాయి.

ఐదింటిలో నీడను బాగా ఓర్చుకునేది ఇదే. ఇంటికి ఉత్తరం వైపు, పైకప్పు నీళ్లు గొట్టం గుండా పడే చోటు, రెయిన్ గార్డెన్ (వాననీళ్లు ఇంకడానికి చేసిన పల్లపు మడి) అంచు ఉన్నవాళ్లు ముందుగా దీన్నే చూడాలి. ఎండకు ఆకులు వాడిపోతాయి, పొడి నేలలో ఏటేటా చిక్కిపోతుంది. ఆగస్టు నుంచి సెప్టెంబర్ దాటి కూడా పూస్తుంది.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. మొత్తం రేకులతో బంతిపువ్వులా నిండిన పసుపు పొద్దుతిరుగుళ్లను 'మల్టీఫ్లోరస్' పేరుతో నర్సరీల్లో అమ్ముతారు. అది నూనె పొద్దుతిరుగుడుకూ డెకాపెటాలస్‌కూ పుట్టిన సంకరం, విత్తనం కట్టదు. చూడ్డానికి బాగుంటుంది, పిట్టలకు మాత్రం తినడానికి ఏమీ దొరకదు. అడవి మొక్కే కావాలంటే పూర్తి శాస్త్రీయ నామం రాసి ఉన్న కుండీనే తీసుకోండి.

హిర్సూటస్

కాండం మీద చెయ్యి పెట్టగానే తెలిసిపోతుంది. బిరుసు నూగు గుచ్చుకుంటుంది. పొడి ఓక్ అడవులు, గడ్డిమైదానాల అంచులు దీని చోట్లు. మధ్య రాష్ట్రాల వైపు ఎక్కువ, తూర్పు టెక్సస్ దాకా ఉంది. నేల రాతిది, ఎండ దండిగా ఉంది, జింకలు బాగా వస్తాయి అన్నవాళ్లు దీన్ని ఆలోచించొచ్చు. నూగు జింకల్ని కొంత వెనక్కి తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు.

డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇక్కడే ఒక మాట. మీకు సెప్టెంబర్, అక్టోబర్‌లలో రోడ్ల వెంట కనిపించేది ఎక్కువగా మాక్సిమిలియన్ పొద్దుతిరుగుడు. సన్నటి ఆకులు నడిమి ఈనె వెంట మడత పడి, కాండం పొడవునా పూలు గుత్తుగా ఉంటాయి. అది బయలు మొక్క, అడవి మొక్క కాదు.

మైక్రోకెఫాలస్: చిన్న పువ్వు, నిండు మొక్క

బిళ్ల వెడల్పు సెంటీమీటరు లోపే, రేకులు 5 నుంచి 8. పువ్వు చిన్నదే కానీ ఒక్క మొక్కకు బోలెడు పూలు, కొమ్మకొమ్మకూ గుత్తులు. జార్జియా, కరొలైనాలు, టెన్నెసీ కొండల వైపు ఎక్కువగా కనిపిస్తుంది, ఉత్తరాన న్యూజెర్సీ దాకా ఉంది. కాండం నున్నన, ఆకులకు కాడలు, వెనక వైపు పాలిపోయిన రంగు.

చిన్న పెరడు ఉన్నవాళ్లకు నా మొదటి ఓటు దీనికే. మిగతావాటితో పోలిస్తే దుబ్బుగా ఒకచోటే ఉంటుంది, పాకడం తక్కువ. పూలు చిన్నవైనా దూరానికి పసుపు ముద్దలా కనబడుతుంది కాబట్టి చూపుకు లోటేమీ లేదు.

మరి జెరూసలేం ఆర్టిచోక్?

హీలియాంథస్ ట్యుబరోసస్. దీని దుంపలు తింటారు. మనవాళ్లలో కూరగాయలు పండించే సరదా ఉన్నవాళ్లు దీనివైపే మొగ్గుతారు. అడవి అంచున, నది ఒడ్డున సహజంగానే ఉంటుంది, పది అడుగుల దాకా పెరుగుతుంది. దుంపల్లో పిండి పదార్థం బదులు ఇన్యులిన్ ఉంటుంది. అది చాలామందికి గ్యాస్ తెప్పిస్తుంది, మొదటిసారి కొంచెమే వండుకోవాలి. ఒక్క దుంప ముక్క నేలలో మిగిలినా మళ్లీ మొలుస్తుంది. చెట్ల నీడ కోసం మాత్రం దీన్ని ఎంచుకోకండి. దీనికి ఎండ కావాలి, చోటు కావాలి, ఏటా తవ్వే ఓపిక కావాలి.

నేలను చదవడం

మొక్క పేరు తేలకపోతే చోటు చూసి సగం తేల్చవచ్చు. మొక్క కొనే ముందు కూడా ఇదే పని చేయాలి. వాన ఆగిన మర్నాడు చెట్ల అంచుకు వెళ్లి గుప్పెడు మట్టి తీయండి. పిసికితే ముద్దగా నిలబడి చేతికి నల్లగా అంటితే డెకాపెటాలస్ నేల. విడిపోయి, రాళ్లు, ఎండుటాకులు, ఓక్ కాయల డిప్పలు తగిలితే డైవారికేటస్ నేల. మధ్యరకమైతే స్ట్రుమోసస్, మైక్రోకెఫాలస్ రెండూ బతుకుతాయి.

తర్వాత ఎండ. ఆకులు నిండుగా ఉన్న జూన్‌లో చూడాలి. ఏప్రిల్‌లో చూస్తే ఓక్ చెట్లకు ఆకులుండవు, ఎండ పుష్కలంగా ఉందనిపిస్తుంది, లెక్క తప్పుతుంది. పొద్దునో సాయంత్రమో నాలుగు గంటల ఎండ పడే చోటు అన్నిటికీ సరిపోతుంది.

ఈ అంచుల్లో జపనీస్ స్టిల్ట్‌గ్రాస్ అనే గడ్డి బాగా కమ్మేస్తుంది. వెదురాకులాంటి సన్నటి ఆకు, మధ్యలో వెండి గీత. ఏడాది మొక్కే కాబట్టి ఆగస్టులో గింజ కట్టేలోపు చేత్తో పీకితే తేలిగ్గా వస్తుంది. ముందు ఆ గడ్డి తీయకుండా కొత్త పొద్దుతిరుగుడు నాటితే మొదటి ఏడాది మొక్క పైకి లేవలేదు. మూడాకుల పాయిజన్ ఐవీ ఉందేమో చూసుకోండి, చేతి తొడుగులు వేసుకోండి. గోమార్లు కూడా ఈ అంచుల్లోనే ఎక్కువ, అక్కడి జింకల గోమార్ల వల్ల లైమ్ జబ్బు వస్తుంది. పొడుగు ప్యాంటు సాక్సుల్లోకి దోపుకుని వెళ్లండి, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోండి. ఎండాకాలం అమెరికా వచ్చి తోటపనిలో దిగే అమ్మానాన్నలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి, వాళ్లకు ఇది కొత్త.

ఎవరికి ఏది

పెరటి వెనక సహజమైన చెట్ల బారు ఉండి, అక్కడ ఇప్పటికే ఏదో ఒక అడవి పొద్దుతిరుగుడు ఉంటే, కొనకండి. ఉన్నదాన్ని ఉంచండి. దాని చుట్టూ గడ్డి కోసే మిషన్ తిప్పడం రెండడుగులు వెనక్కి జరిపితే చాలు, రెండేళ్లలో గుంపు పెరుగుతుంది. ఆ నేలలో అది ఎప్పటినుంచో ఉన్న మొక్క. నర్సరీ నుంచి తెచ్చినది దానికి సాటి రాదు.

ఏమీ లేదు, కొత్తగా పెట్టాలి, చోటు పెద్దది, పొడి నేల: డైవారికేటస్. తడి పల్లం, నీడ: డెకాపెటాలస్. ఇరవై అడుగుల పెరడు, పక్కింటి కంచె దగ్గర: మైక్రోకెఫాలస్. పెద్ద వాలు, మట్టి కొట్టుకుపోకుండా పట్టుకోవాలి, పాకినా ఫర్వాలేదు: స్ట్రుమోసస్.

హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఉన్న కాలనీల్లో ఎత్తు మొక్కలంటే నోటీసు వస్తుందన్న భయం ఉంటుంది. మేరీల్యాండ్ 2021లో చేసిన చట్టం ప్రకారం, అక్కడ హెచ్‌ఓఏలు పచ్చిక గడ్డే ఉండాలని బలవంతపెట్టకూడదు. మిగతాచోట్ల ముందు నిబంధనలు చదవండి. మొక్కల ముందు రెండడుగులు శుభ్రంగా కోసి ఉంచితే, అది కావాలని పెంచిన మడి అని చూడగానే తెలుస్తుంది.

తేనెటీగలు, సీతాకోకచిలుకల కోసం పెట్టేవాళ్లు ఐదింటిలో దేన్ని ఎంచుకున్నా నష్టం లేదు. సిల్వరీ చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఈ ఆకులు తిని పెరుగుతాయి. ఆకులు జల్లెడలా కనిపిస్తే మందు కొట్టొద్దు, వచ్చే ఏడాది మొక్క మామూలుగానే లేస్తుంది. పొద్దుతిరుగుడు పుప్పొడి మీదే ఆధారపడి బతికే ఒంటరి తేనెటీగ జాతులు కూడా ఉన్నాయి. పూలు ఎండాక కాండాలు కోసేయకుండా చలికాలం వదిలేస్తే గోల్డ్‌ఫించ్ పిట్టలు గింజలు తింటాయి.

విత్తనంతో మొదలుపెట్టే ఓపిక ఉన్నవాళ్లు అక్టోబర్, నవంబర్‌లలో నేల మీద చల్లి వదిలేయండి. మొలకెత్తడానికి వాటికి చలి, తడి కలిసిన కొన్ని వారాలు కావాలి, ఆ పని చలికాలమే చేస్తుంది. పూలు చాలావరకు రెండో ఏడాది నుంచి వస్తాయి. తొందరగా కావాలంటే వసంతంలో స్నేహితుల పెరటి దుబ్బు నుంచి పిలక తెచ్చుకోవడం మేలు.

బతుకమ్మకు పూలు కోసేవాళ్లు ముఖ్యంగా చదవాల్సింది

సెప్టెంబర్, అక్టోబర్‌లలో బతుకమ్మ వచ్చేసరికి అమెరికాలో తంగేడు దొరకదు. పసుపు పూల కోసం అందరూ వెతుకుతారు. డైవారికేటస్ అప్పటికి అయిపోతుంది. డెకాపెటాలస్, జూన్‌లో కత్తిరించిన స్ట్రుమోసస్ మాత్రం కొంతవరకు అందుతాయి. దక్షిణ రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు తడి నేల ఉంటే స్వాంప్ సన్‌ఫ్లవర్ పెంచుకోవచ్చు, అది సరిగ్గా ఆ నెలల్లోనే ఒళ్లంతా పూస్తుంది. బతుకమ్మ కోసమే పెంచాలనుకుంటే నా సలహా అదే.

రోడ్డు పక్కన కోసుకొద్దామనుకునేవాళ్లు, ముఖ్యంగా షార్లెట్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు, ఒక్క నిమిషం ఆగండి. నార్త్ కరొలైనా, సౌత్ కరొలైనా సరిహద్దులోని ఆ ప్రాంతంలోనే ష్వైనిట్జ్ పొద్దుతిరుగుడు ఉంది. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. 1991లో అమెరికా ఫెడరల్ ప్రభుత్వం దాన్ని అంతరించిపోతున్న జాతుల్లో చేర్చింది. అది పూసేది కూడా సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే. ఉండేది కూడా రోడ్ల అంచున, కరెంటు తీగల కింద, పలచటి అడవుల పక్కన. గుర్తులు: ఆరడుగుల దాకా ఎత్తు, గరుకు కాండం, సన్నటి బిరుసు ఆకులు, అంచులు కిందికి చుట్టుకుని ఉంటాయి, ఆకు వెనక తెల్లటి మెత్తటి నూగు. అలాంటిది కనబడితే పువ్వు కోయకండి, మొక్క తవ్వకండి. ఫొటో తీసి, ఎక్కడ చూశారో అరుదైన జాతుల లెక్క ఉంచే నార్త్ కరొలైనా నేచురల్ హెరిటేజ్ ప్రోగ్రామ్‌కు తెలియజేయండి.

అట్లాంటాలో ఉన్నవాళ్లు స్టోన్ మౌంటెన్ ఎక్కినప్పుడు రాతి మీద పసుపు తివాచీలా కనిపించేది హీలియాంథస్ పోర్టెరి. అది గ్రానైట్ బండల మీద పలచటి మట్టిలో పెరిగే ఏడాది మొక్క. చూడ్డానికే, కోయడానికి కాదు.

చివరగా, ఊరికి వెళ్లేటప్పుడు ఈ గింజలు సూట్‌కేసులో వేసుకోకండి. పర్మిట్, పరీక్ష లేకుండా విత్తనాలు తేవడాన్ని భారత మొక్కల క్వారంటైన్ నిబంధనలు ఒప్పుకోవు. నేల కింద పాకే ఈ మొక్కలు కొత్త నేలలో ఎలా ప్రవర్తిస్తాయో ముందే చెప్పలేం. ఇదే కుటుంబానికి చెందిన వయ్యారిభామ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే, దాంతో మన రైతులు ఇప్పటికీ పడుతున్న అవస్థ మనకు తెలుసు. అడవి పొద్దుతిరుగుళ్లను పంటతో సంకరం చేసి తెగుళ్లను తట్టుకునే గుణాలు రాబట్టే పని హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థలో శాస్త్రజ్ఞులు చేస్తున్నారు. ఆసక్తి ఉన్న వ్యవసాయ విద్యార్థులు అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.